లేఖా నవలను తడబడకుండా చదవడం ఎలా: పద్దెనిమిదో శతాబ్దపు ఫ్రెంచి ఉత్తరాల వెంట

“ఇరవయ్యో ఉత్తరం దగ్గర ఆగిపోయాను. ఎవరు ఎవరికి రాస్తున్నారో గుర్తుండటం లేదు.” ఫ్రెంచి లేఖా నవలల గురించి నన్ను అడిగేవాళ్లలో చాలామంది మాట ఇది. ఇంకొందరి ఫిర్యాదు వేరు: “మొత్తం చదివాను, కథ తెలిసింది. కానీ దీన్ని ఎందుకు అంత గొప్పగా చెప్పుకుంటారో బోధపడలేదు.”

రెండు ఇబ్బందులకూ మూలం ఒకటే. లేఖా నవలను మామూలు నవలలా చదివేస్తున్నారు. ఇక్కడ కథ ఉత్తరంలో ఎంత ఉంటుందో ఉత్తరం చుట్టూ అంత ఉంటుంది. ఎప్పుడు రాశారు, ఎవరి చేతికిచ్చారు, దారిలో ఎవరు విప్పారు, చేరాక ఏ సొరుగులో దాచారు అన్నవి పట్టించుకోకపోతే నవలలో సగం చేజారిపోతుంది.

నమూనాగా లాక్లో రాసిన ‘లే లియెజోఁ దాంజరోజ్’ తీసుకుంటున్నాను. ‘ప్రమాదకరమైన సంబంధాలు’ అని అర్థం. 1782లో వచ్చింది. నాలుగు భాగాలు, 175 ఉత్తరాలు. దీన్ని చదవడం పట్టుబడితే ఆ కాలపు మిగతా లేఖా నవలలు లొంగుతాయి. కథ ముందే తెలిసిపోతుందని బెంగపడేవాళ్లు ఐదో మెట్టు దాకా చదివి ఆగండి. నవల పూర్తయ్యాక మిగతాది చూడండి.

1. ఏ వరసలో చదవాలి

రూసో పేరు తెలుసు కాబట్టి ఆయన ‘జూలీ’తో మొదలుపెడతారు చాలామంది. వద్దు. 1761 నాటి ఆ నవలలో 163 ఉత్తరాలున్నాయి. కొన్ని ఉత్తరాలు వ్యాసాలంత పొడవు. అలవాటు లేనివాళ్లకు అది ఏటికి ఎదురీత.

నేను చెప్పే వరస ఇది:

– ముందు 1669 నాటి ‘పోర్చుగీసు ఉత్తరాలు’. మొత్తం ఐదే. ఒక సన్యాసిని తనను వదిలి వెళ్లిన ఫ్రెంచి అధికారికి రాసినవి. నిజమైన ఉత్తరాలేనని జనం చాలాకాలం నమ్మారు. గియెరాగ్ అనే ఆయన రాశాడని ఇప్పుడు పండితులు ఎక్కువమంది ఒప్పుకుంటారు. ఒక్క సాయంత్రం చాలు.

– తర్వాత మదామ్ ద గ్రాఫిన్యీ రాసిన ‘పెరూ యువతి ఉత్తరాలు’ (1747). ఇందులోనూ రాసేది ఒక్కరే కాబట్టి తికమక ఉండదు.

– ఆపైన లాక్లో నవల. ఇక్కడ గొంతులు పెరుగుతాయి, అబద్ధాలు మొదలవుతాయి.

– తర్వాత మాంటెస్క్యూ ‘పర్షియన్ ఉత్తరాలు’ (1721). తేదీలు చూసే అలవాటు అయ్యాకే దీన్ని పట్టుకోవాలి. కారణం పదో మెట్టులో చెబుతాను.

– చివరగా ‘జూలీ’.

ఏ పుస్తకం ముందు వచ్చిందన్న లెక్కతో ఇక్కడ పని లేదు. మన చేయి తిరగడానికి వేసుకున్న వరస ఇది.

2. ప్రతిని ఎంచుకోవడం

నా మొదటి ప్రతి పాత పుస్తకాల దుకాణంలో దొరికింది. సంక్షిప్త ప్రతి అని అట్ట మీద ఎక్కడా లేదు. తేదీలు తీసేశారు, అడుగున ఉండే గమనికలు తీసేశారు, పీఠికలు లేవు. చదివి, ఇదేదో డబ్బున్నవాళ్ల సరసాల కథ అనుకుని పక్కన పడేశాను. అసలు పుస్తకం చేతికొచ్చేసరికి ఆరేళ్లు గడిచాయి.

కొనేముందు పుస్తకం తెరిచి ఇవి చూసుకోండి:

☐ చివరి ఉత్తరం సంఖ్య 175 ఉందా?
☐ ప్రతి ఉత్తరానికీ తేదీ, ఊరు ఉన్నాయా? మొదటిది ఆగస్టు 3, చివరిది జనవరి 14. సంవత్సరం ఉండదు. 17 పక్కన రెండు చుక్కలే ఉంటాయి. అది అచ్చుతప్పు కాదు.
☐ మొదట్లో రెండు ముందుమాటలు ఉన్నాయా?
☐ పుట అడుగున ‘సంకలనకర్త’ గమనికలు ఉన్నాయా?
☐ 161వ ఉత్తరం పైన, అది ఎవరికి రాసిందో చెప్పే పేరు లేకుండా ఉందా?

చివరిది నా సొంత పరీక్ష. ఆ ఉత్తరం మతి చలించిన ఒక స్త్రీ తన దాసికి చెప్పి రాయించింది. ఒక వాక్యం ఒకరితో, మరో వాక్యం ఇంకొకరితో మాట్లాడుతుంది. చదువరికి సాయం చేద్దామని ఎవరైనా అక్కడ ఒక పేరు తగిలిస్తే ఆ ప్రతిని వదిలేయండి.

3. పాత్రల చీటీ, రిజిస్టరు

ముందు ఒక చిన్న చీటీ రాసి పుస్తకంలో పెట్టుకోండి.

– మెర్తేయ్: పారిస్‌లో ఉండే వితంతువు, మార్కీజ్ హోదా. లోకం దృష్టిలో మచ్చలేని మనిషి.
– వాల్మోఁ: ఆమె పాత ప్రియుడు. నవల మొదలయ్యేసరికి పల్లెలో అత్త ఇంట్లో ఉంటాడు.
– తూర్వెల్: న్యాయాధికారి భార్య, దైవభక్తి గలది. అదే ఇంట అతిథి.
– సెసిల్ వొలాంజ్: పదిహేనేళ్ల పిల్ల. కాన్వెంటు నుంచి అప్పుడే బయటికొచ్చింది. పెళ్లి కుదిర్చారు.
– మదామ్ ద వొలాంజ్: సెసిల్ తల్లి.
– దాన్‌సెనీ: సెసిల్‌ను ప్రేమించే కుర్రవాడు.
– రోజ్‌మోండ్: వాల్మోఁ అత్త, వృద్ధురాలు.

ఈ ఏడుగురు చాలు. మిగతావాళ్లు వస్తుంటే కలుపుకోవచ్చు.

ఇక రిజిస్టరు. పొడవాటి నోటుపుస్తకం తీసుకుని అడ్డంగా ఆరు గడులు గీయండి: సంఖ్య, తేదీతో పాటు ఊరు, ఎవరి నుంచి ఎవరికి, ఎలా వెళ్లింది, ఇంకెవరు చదివారు, ఏ వస్తువు కనిపించింది.

ఉత్తరంలో ఏముందో రాయడానికి గడి లేదు, గమనించండి. కావాలనే పెట్టలేదు. అది రాయడం మొదలుపెడితే పదో ఉత్తరానికే విసుగొస్తుంది. సారాంశం ఎలాగూ గుర్తుంటుంది. గుర్తుండనివి ఈ ఆరే.

ఉదాహరణకు 48వ ఉత్తరం ఎలా ఎక్కించాలో చూడండి. వాల్మోఁ నుంచి తూర్వెల్‌కు. ఎలా వెళ్లింది? అతడు దాన్ని అంటించకుండా ముందు మెర్తేయ్‌కు పంపాడు: చదువు, ముద్ర వేసి టపాలో వెయ్యి, నీ సొంత ముద్ర మాత్రం వాడకు అని. ఇంకెవరు చదివారు? మెర్తేయ్, తూర్వెల్ కంటే ముందే. వస్తువు? రాతబల్ల. ఆ బల్ల ఏమిటో ఏడో మెట్టులో.

ఐదో గడి నిండుతున్న కొద్దీ మీకే తెలుస్తుంది, ఈ నవలలో ఏకాంతం అనేది ఎవరికీ లేదని.

4. పీఠికలు: చదవాలి, నమ్మకూడదు

మొదట ‘ప్రచురణకర్త హెచ్చరిక’ ఉంటుంది. ఇది నవలే అయి ఉంటుందని, ఇంత చెడ్డ మనుషులు మన జ్ఞానోదయ యుగంలో ఉన్నారంటే నమ్మలేమని అంటుంది. వెంటనే ‘సంకలనకర్త పీఠిక’ వస్తుంది. ఇవి అసలైన ఉత్తరాలని, తాను ఏరి వరస పెట్టానని, పేర్లు మార్చానని అంటుంది.

రెండూ లాక్లో రాసినవే. ఒకటి అబద్ధమంటుంది, రెండోది నిజమంటుంది. ‘మన కాలంలో ఇలాంటివాళ్లు ఉండరు’ అనడంలోని వెటకారాన్ని అప్పటి పాఠకులు ఇట్టే పట్టుకుని ఉంటారు.

పీఠికల నుంచి మీకు కావలసింది ఒక్కటే: ఈ ఉత్తరాలను ఎవరో ఏరారు, కొన్నింటిని వదిలేశారు. ఏడో ఉత్తరం అడుగున ఉన్న గమనిక సంగతి బయటపెడుతుంది. సెసిల్ తన స్నేహితురాలు సొఫీకి రోజూ రాసేవాటిలో చాలా తీసేశామని, సొఫీ జవాబులన్నీ తీసేశామని. అంటే సెసిల్ ఎవరికైతే మనసు విప్పుతోందో ఆ పిల్ల గొంతు మనం ఒక్కసారీ వినం. ఈ మాట రిజిస్టరు మొదటి పుటలో రాసుకోండి.

5. అప్పటి టపా గురించి తెలియాల్సినంత

చరిత్ర పాఠం వద్దు. నాలుగు సంగతులు చాలు.

కాగితాన్ని మడిచి, లేదా మరో కాగితంలో చుట్టి, లక్కతో ముద్ర వేసేవారు. ముద్ర చెదిరిందంటే ఎవరో విప్పారన్నమాట.

దూరపు ఊళ్ల టపాకు డబ్బు సాధారణంగా అందుకున్నవారే కట్టేవారు. పారిస్ నగరం లోపల మాత్రం 1760 నుంచి ‘చిన్న టపా’ ఉండేది. రెండు సూలు (అప్పటి చిన్న నాణేలు) ముందే చెల్లిస్తే చాలు. రోజుకు చాలాసార్లు పంచేవారు. నగరంలో ఒకే రోజు ఉత్తరం, జవాబు, దానికి మళ్లీ జవాబు నడిచేది. పల్లె నుంచి రాసేవారికి ఆ వేగం లేదు.

టపా మీద వచ్చిన ఊరి ముద్ర పడేది. వాల్మోఁ దీనితోనే ఆడుకున్నాడు. తూర్వెల్ అతడి ఉత్తరాలు విప్పనంటోంది. ఆమె భర్త బర్గండీలో ఉన్నాడు. అందుకని అతడు దస్తూరి మార్చి చిరునామా రాసి, అక్కడి దిజోఁ ఊరి టపాముద్రను నకలు చేశాడు. మొగుడి ఉత్తరమనుకుని ఆమె నలుగురిలో విప్పింది. 34వ ఉత్తరంలో ఆ ఉపాయం, 36లో ఆ ఉత్తరం ఉంటాయి.

నాలుగోది, నౌకర్లు. ప్రమాదమంతా చేతుల మీదుగా వెళ్లే ఉత్తరాలతోనే. వాల్మోఁ నౌకరు అజోలాన్ ఎక్కడ కనిపించినా గీత గీయండి.

6. చదివే క్రమం

మొదటి భాగం 1–50, రెండోది 51–87, మూడోది 88–124, నాలుగోది 125–175. ఒక్కో భాగానికి ఒక వారం పెట్టుకోండి. రోజుకు ఏడెనిమిది ఉత్తరాలు చాలు.

ప్రతి ఉత్తరాన్నీ ఈ వరసలో చదవండి:

(1) తేదీ, ఊరు చూడండి. ముందు ఉత్తరంతో పోల్చండి. కాలం వెనక్కి వెళ్లిందా?
(2) ఎవరికి రాశారో చూసి ఒక్క క్షణం ఆగండి. ఆ మనిషికి ఈపాటికి ఏం తెలుసు?
(3) ఉత్తరం చదవండి.
(4) చివర తాజా కలం ఉంటే మళ్లీ చదవండి. ఈ నవలలో అసలు మాట చాలాసార్లు అక్కడే ఉంటుంది.
(5) రిజిస్టరు నింపండి.

మూడోదానికి నేను ఒక్క వాక్యమే ఇచ్చాను. అందరూ చేసేది అదే కాబట్టి. మన పని మిగతా నాలుగింటిలో ఉంది.

తాజా కలం విలువ తెలియాలంటే 105వ ఉత్తరం చూడండి. మెర్తేయ్ సెసిల్‌కు రాయడం నేర్పిస్తోంది. ఎవరికైనా రాస్తున్నావంటే అది వాళ్ల కోసమే తప్ప నీ కోసం కాదు, కాబట్టి నువ్వు అనుకుంటున్నది కాదు, వాళ్లకు ఎక్కువ నచ్చేది చెప్పాలి అంటుంది. చిన్నపిల్లకు చెప్పిన పాఠంలా ఉంటుంది. ఆ వాక్యం చేతిలో పెట్టుకుని అంతకుముందు మెర్తేయ్ వాల్మోఁకు రాసినవన్నీ తిరగేయండి. మనకు అతడితో నిజం చెబుతోందనిపించింది. అక్కడ కూడా అతడికి నచ్చేదే రాసిందా?

7. జంట ఉత్తరాలు: ఇక్కడ నిదానించండి

ఒకే సంఘటన రెండు ఉత్తరాల్లో వస్తుంది. నవల మొత్తంలో తీరిగ్గా కూర్చోవాల్సిన చోట్లు ఇవే. 21, 22 ఉత్తరాలతో సాధన చేద్దాం.

21: వాల్మోఁ నుంచి మెర్తేయ్‌కు. తూర్వెల్ తన వెనక మనిషిని పెట్టిందని అతడికి తెలుసు. ఒక పల్లెకు వెళ్తాడు. పన్ను కట్టలేని కుటుంబం సామాను జప్తు చేస్తున్నారు. యాభై ఆరు లివ్రలు (అప్పటి ఫ్రెంచి డబ్బు) కట్టేస్తాడు. ఐదుగురు మనుషులను గడ్డిపాలు చేయబోయింది ఆ సొమ్ము కోసమే. వాళ్లు కాళ్ల మీద పడతారు. చాటు నుంచి గూఢచారి చూస్తున్నాడు. అంతా నాటకం. కానీ మంచి చేయడంలో ఇంత సుఖం ఉందా అని అతడే ఆశ్చర్యపోతాడు.

22: తూర్వెల్ నుంచి మదామ్ ద వొలాంజ్‌కు. అదే సంఘటన, ఇప్పుడు పుణ్యకథ.

పద్ధతి ఇది. 21లో ఉన్నవి ఒక పక్క, 22లో ఉన్నవి ఒక పక్క రాయండి. తర్వాత మూడు ప్రశ్నలు వేసుకోండి.

ఏది మాయమైంది? నౌకరును తానే వెంట పంపానన్న మాట. తన మనిషికి అటువైపే పని పడిందని తూర్వెల్ రాస్తుంది. ఇంత నిష్ఠాపరురాలూ ఒక చిన్న అబద్ధం ఆడింది. అతడి కోసమే ఆడింది. ఈ జంటలో నాకు అన్నిటికంటే విలువైనది ఇదే. ఆమె పతనం ఎక్కడ మొదలైందని అడిగితే చాలామంది చాలా ముందుకు వెళ్లి వెతుకుతారు. నేనైతే ఈ వాక్యం చూపిస్తాను.

ఏది తలకిందులైంది? ఆదుకోదగిన పేదవాళ్లు ఎవరున్నారని వాల్మోఁ మనిషి ఒకడు ముందురోజే ఆ పల్లెకొచ్చి వాకబు చేశాడని తూర్వెల్‌కు తెలిసింది. అది కుట్రకు సాక్ష్యం. ఆమె మాత్రం, క్షణికమైన జాలి కాదు, ముందే తలపెట్టిన దానం కదా అని మరింత పొంగిపోతుంది. సాక్ష్యం చేతిలోనే ఉంది, ఆమె చదివింది వేరు.

ఎవరు ఎవరిని ఒప్పించాలని చూస్తున్నారు? వాల్మోఁ మెర్తేయ్‌ని నవ్వించాలని. తూర్వెల్ వొలాంజ్‌ని, నిజానికి తనను తాను.

ఇదే పని 47, 48 దగ్గర చేయండి. 48 చదివితే విరహంలో కాగిపోతున్న ప్రేమికుడి ఉత్తరం. తాను రాస్తున్న బల్ల మొదటిసారి ఈ పనికి వచ్చిందని, ప్రేమకు పవిత్రమైన బలిపీఠమైందని అంటాడు. ఆ బల్ల ఎమిలీ అనే వేశ్య శరీరమే అని 47 చదివినవారికి తెలుసు. ఇక్కడ ఒక అదనపు పని: 48ను బయటికి చదవండి, తూర్వెల్ చెవితో వినండి. ఒక్క అబద్ధం దొరకదు. ప్రతి వాక్యమూ అక్షరాలా నిజమే. అదే దారుణం.

85, 87 మరో జంట. ప్రెవాఁ అనే వాణ్ణి మెర్తేయ్ ఉచ్చులోకి లాగిన వైనం వాల్మోఁకు ఒకలా, మదామ్ ద వొలాంజ్‌కు ఇంకొకలా రాస్తుంది. ఈపాటికి మీకు అలవాటైపోతుంది.

96, 97 దగ్గర మాత్రం హాస్యం చూడకండి. వాల్మోఁ తన ‘విజయం’ చెబుతాడు. సెసిల్ జరిగింది చెబుతుంది. చాలాకాలం విమర్శకులు దీన్ని ‘వలలో వేసుకోవడం’ అనే రాశారు. పదిహేనేళ్ల పిల్ల గదిలోకి దొంగ తాళంచెవితో దూరి, అరిస్తే నీకే పరువు పోతుందని బెదిరించి చేసినదానికి మన భాషలో మాట ఉంది: అత్యాచారం. 96లోని చమత్కారమైన వాక్యాలు మిమ్మల్ని నవ్వించాయంటే, 97 చదివాక వెనక్కి వెళ్లి ఏ వాక్యం దగ్గర నవ్వారో గీత గీసుకోండి. లాక్లో పన్నిన వల అక్కడుంది, పాఠకుడి కోసం.

8. మీరు, నువ్వు

ఇంగ్లీషు అనువాదంలో చదివేవాళ్లకు పెద్ద నష్టం ఇది. ఫ్రెంచిలో ‘వూ’ అంటే మీరు, ‘త్యు’ అంటే నువ్వు. ఇంగ్లీషులో రెండూ కలిసిపోయాయి. తెలుగువాళ్లకు ఈ తేడా విడమరిచి చెప్పనక్కరలేదు.

కాబట్టి చదివేటప్పుడు మనసులో మీరు–నువ్వు పెట్టుకోండి. వాల్మోఁ, మెర్తేయ్ ఒకప్పుడు ప్రేమికులు. అయినా ‘మీరు’ అనే రాసుకుంటారు. సెసిల్ సొఫీతో ‘నువ్వు’ అంటుంది. పెద్దవాళ్ల లోకంలోకి అడుగుపెట్టాక అంతా ‘మీరు’.

148వ ఉత్తరంలో దాన్‌సెనీ మెర్తేయ్‌కు రాస్తూ ఇలా మొదలుపెడతాడు: నేను ప్రేమించే మీరు! నేను ఆరాధించే నువ్వు! స్నేహితురాలిగా మీరు, ప్రియురాలిగా నువ్వు. ఒకే ఊపిరిలో రెండూ తిరుగుతాయి. వాళ్లిద్దరి మధ్య ఏం జరిగిందో ఎవరూ చెప్పనక్కరలేదు, సర్వనామం చెప్పేసింది. ఇంగ్లీషులో ఆ చోటు చప్పగా ఉంటుంది. ఫ్రెంచి రాకపోయినా అసలు పాఠాన్ని పక్కన పెట్టుకుని ఆ రెండు మాటల కోసం కళ్లు పరిగెత్తించవచ్చు. ‘జూలీ’లో ఇది ఇంకా అవసరం, అక్కడ ప్రేమికులు నువ్వులోకి జారుతూ ఉంటారు.

9. తరచూ జరిగే పొరపాట్లు, సవరణలు

*వాల్మోఁ చెప్పిందే జరిగిందనుకోవడం.* ఎక్కువ ఉత్తరాలు అతడివి, చక్కగా రాస్తాడు, అందుకే నమ్ముతాం. సవరణ: అతడు మెర్తేయ్‌కు రాసే ప్రతి ఉత్తరమూ ప్రగల్భమే అనుకుని మొదలుపెట్టండి. తర్వాత ఎంత మిగులుతుందో చూడండి. 125వ ఉత్తరంలో తూర్వెల్‌ని జయించానని రాస్తున్నప్పుడు గొంతులో ఏదో తడబడుతుంది. దాన్ని మెర్తేయ్ పట్టుకుంటుంది. మీరు ఆమె కంటే ముందే పట్టుకోవాలి.

*సెసిల్ ఉత్తరాలు దాటవేయడం.* అమాయకపు మాటలు, గబగబా చదివేద్దాం అనిపిస్తుంది. సవరణ: ఆమె వాక్యాలు నవల పొడవునా ఎలా మారతాయో గమనించండి. 117వ ఉత్తరం కింద సంతకం సెసిల్‌ది, పలికించింది వాల్మోఁ.

*81వ ఉత్తరాన్ని ఒక్కటే విడిగా చదవడం.* మెర్తేయ్ తనను తాను ఎలా తయారుచేసుకుందో చెప్పే గొప్ప ఉత్తరం ఇది. స్త్రీవాద సంకలనాల్లో విడిగా వేయదగినదే. కానీ అది ఒక మగవాడి మీద కోపంతో, అతణ్ణి చిన్నబుచ్చడానికి రాసింది. 76, 79 చదివి, వెంటనే 81కి రండి. ఇంకొకటి: ఆమెను చివరికి ముంచేది ఈ ఉత్తరమే. ఎప్పుడూ ఉత్తరాలు రాయకూడదన్న సూత్రం పెట్టుకున్న మనిషి తన గుట్టంతా కాగితం మీద పెట్టి సంతకం చేసింది.

*ముగింపును నీతిగా తీసుకోవడం.* మశూచి, పోయిన కన్ను, ఓడిన దావా, హాలండుకు పరారీ అన్నీ 175లో ఒక్కసారి కురుస్తాయి. పాపం పండింది అనుకుని పుస్తకం మూసేస్తారు. సవరణ: ఆ వార్త చెబుతున్నది మదామ్ ద వొలాంజ్ అని చూడండి. నవల పొడవునా మెర్తేయ్‌ని తప్పుగా అర్థం చేసుకున్న మనిషి ఆమే.

*ఉత్తరాలు మన చేతికి ఎలా వచ్చాయో అడగకపోవడం.* చనిపోతూ వాల్మోఁ కట్ట మొత్తం దాన్‌సెనీకి ఇచ్చాడు. 81, 85 ఊరంతా చదివింది. మిగతావి రోజ్‌మోండ్ పెట్టెకు చేరాయి. మీ రిజిస్టరులో చివరి పని, ప్రతి ఉత్తరమూ ఏ దారిన ఆమె దగ్గరికి వచ్చి ఉంటుందో గుర్తు పెట్టడం. కొన్నింటికి దారి దొరకదు. ఆ చిక్కుతో కాసేపు ఆడుకోండి.

*మాట విన్నట్టే ఉత్తరాన్ని వినడం.* 141లో మెర్తేయ్ ఒక చిన్న ‘నమూనా ఉత్తరం’ రాసి పంపుతుంది. ప్రతి పేరా చివర ‘నా తప్పు కాదు’ అన్న పల్లవి. వాల్మోఁ దాన్ని నకలు రాసి తూర్వెల్‌కు పంపేస్తాడు. ఆమెను చంపింది ఆ కాగితం. దస్తూరి ఒకరిది, మాట ఇంకొకరిది. 153 దగ్గర ఇంకో వింత: వాల్మోఁ పంపిన హెచ్చరిక కాగితం అడుగునే మెర్తేయ్ జవాబు రాసి తిప్పి పంపింది. రెండే మాటలు: “సరే, యుద్ధమే.” కొత్త కాగితం తీయలేదు. ఆ తొందరే జవాబు.

10. ఇదే పద్ధతి మిగతా నవలలకు

‘పర్షియన్ ఉత్తరాల’ను చాలామంది పారిస్ మీద వెటకారపు వ్యాసాలుగా చదివి వదిలేస్తారు. అందులో ఒక ఇల్లు కూలిపోతోంది. పర్షియా ప్రభువు ఉజ్బెక్ 1711లో తన ఊరు ఇస్ఫహాన్ విడిచి వచ్చాడు. అంతఃపురాన్ని నపుంసకుల కాపలాకు వదిలాడు. ఉత్తరం చేరడానికి నెలల తరబడి పడుతుంది.

ఇక్కడ తేదీల గడి ప్రాణం. 146వ ఉత్తరం 1720 నాటిది. 147కి వచ్చేసరికి తేదీ 1717కు వెనక్కి వెళ్తుంది. అక్కడి నుంచి చివరిదాకా అంతఃపురం కబుర్లే. పుస్తకం మధ్యలో ఉజ్బెక్ న్యాయం గురించి, స్వేచ్ఛ గురించి గంభీరంగా రాస్తున్నప్పుడే ఇవన్నీ జరిగాయన్నమాట. ఒక పుట మీద రెండు నిలువు గీతలు గీసి, ఎడమవైపు పారిస్ ఉత్తరాలు, కుడివైపు ఇస్ఫహాన్ ఉత్తరాలు తేదీల ప్రకారం పెట్టండి. గంట పట్టే పని. అది చేశాక ఉజ్బెక్‌ని మునుపటిలా గౌరవించలేరు.

అదే చోట ఒక ఉత్తరం విప్పకుండానే ఉండిపోతుంది. ఉజ్బెక్ ఆజ్ఞ చేరేసరికి పెద్ద నపుంసకుడు చనిపోయాడు. అతడి స్థానంలో వచ్చినవాడు భక్తిగా దాన్ని అలాగే దాచిపెట్టాడు. రిజిస్టరులో ‘ఇంకెవరు చదివారు’ గడిలో ‘ఎవరూ లేరు’ అని రాసే అవకాశం మీకు మరెక్కడా దొరకకపోవచ్చు.

కొనేటప్పుడు ఒక జాగ్రత్త: 1721 నాటి మొదటి ముద్రణలో 150 ఉత్తరాలు, 1758 ముద్రణలో 161. సంఖ్యలు కలవకపోతే కంగారుపడకండి. పైన నేను ఇచ్చినవి 161 లెక్క ప్రకారం.

‘పెరూ యువతి’కి ఎలా వెళ్లింది అన్న గడి ముఖ్యం. జీలియా మొదట్లో కాగితం మీద రాయదు. కిపూ అనే తాళ్లకు ముడులు వేస్తుంది. తాళ్లు అయిపోతాయి. ఫ్రెంచి నేర్చుకుని కలం పట్టేదాకా మాట లేదు. ముడులు ఆగిన చోటు, సిరా మొదలైన చోటు గుర్తు పెట్టుకోండి. ఆ రెండింటి మధ్య ఆమె భాష మారిపోయింది, మనసూ మారింది.

‘జూలీ’కి ఆరు గడులు అక్కరలేదు. అక్కడ కుట్రలు లేవు. తేదీలూ చాలాచోట్ల ఉండవు. దాని బదులు ఉత్తరం రాకపోతే ఏమవుతోందో చూడండి.

11. ఆఖరి మెట్టు: మొదటి ఉత్తరానికి తిరిగి రండి

లాక్లో నవల 175 ముగించిన రోజే మొదటి ఉత్తరం మళ్లీ తెరవండి. సెసిల్ సొఫీకి రాస్తోంది. నల్లబట్టల మనిషి ఒకడు గదిలోకొచ్చి మోకాళ్ల మీద కూర్చుంటే పెళ్లికొడుకు అనుకుని కేక పెట్టింది. తీరా చూస్తే కొలత తీసుకోవడానికి వచ్చిన చెప్పులు కుట్టేవాడు. మొదటిసారి అందరం నవ్వుతాం.

ఈసారి ఆరో గడి, వస్తువుల గడి, చేతిలో పెట్టుకోండి. అదే ఉత్తరంలో సెసిల్ మురిసిపోతూ చెబుతుంది: నాకు అందమైన రాతబల్ల ఇచ్చారు, దాని తాళంచెవి నాకే ఇచ్చారు, ఏది కావాలంటే అది దాచుకోవచ్చు అని. 61లో అమ్మ ఆ తాళంచెవి అడిగి తీసుకుంటుంది, సొరుగులో దాన్‌సెనీ ఉత్తరాలు బయటపడతాయి. అమ్మకు చెప్పింది మెర్తేయే అని 63లో తెలుస్తుంది. 84లో వాల్మోఁ ఇంకో తాళంచెవి గురించి రాస్తాడు, ఈసారి సెసిల్ పడకగదిది. 88లో ఆ పిల్ల వద్దంటుంది. 95లో సరేనంటుంది. ఆ తర్వాతది 96.